నువ్వుగింజంత మచ్చ

“మళ్ల పీకినవా?” అన్నాడు రాయమల్లు, పళ్లపొడి నోట్లో ఉండగానే.

గోడ మీది నర్సవ్వ ఫోటోకు పైన ఎప్పుడూ వెలిగే ఎర్ర జీరో బల్బు ఆరిపోయి ఉంది. దాని తీగ గోడ వెంట వేలాడుతోంది. ప్లగ్గులో కోడలు మమతారాణి ఫోను చార్జింగుకు పెట్టుకుంది.

“జర సేపే మామా. రాత్రి కరెంటు పోయె, బ్యాటరీ లేదు. మీ కొడుకు డ్యూటీకి పోయే ముంగట ఫోన్ చేస్తడు.”

“ఇంట్ల ఇంకో ప్లగ్గు లేదా?”

“వంటింట్లది కాలిపోయిందని దసరా సంది చెప్తున్న. మీరు ఇంటే గదా.”

“బాగుచేపిస్త. దానికి దీనికి ఏం సంబంధం? పొద్దుగాల లేవంగనే దీపం ఆర్పుడేంది?”

“దీపం కాదు మామా, బల్బు. గింత సేపట్ల అత్తమ్మకేం చీకటి కాదు.”

మూలన మంచంలోంచి అతని తల్లి చంద్రవ్వ బోసినోటితో నవ్వింది. “బతికినన్ని దినాలు బుడ్డిదీపం ముంగట బీడీలు చేసింది నా కోడలు. సచ్చినంక కరెంటు వెట్టిండు నా కొడుకు.”

రాయమల్లు నోరు కడుక్కొని వచ్చి ఫోను తీగ పీకేసి బల్బు తీగ పెట్టాడు. మమతారాణి అతని టీ గిలాసను అరుగు మీద కాస్త చప్పుడయ్యేలా పెట్టి, ఫోను తీసుకొని పక్కింటికి వెళ్లిపోయింది.

ఎర్రటి వెలుగు మళ్లీ ఫోటో మీద పడింది. అందులో నర్సవ్వ పచ్చ పట్టుచీర కట్టుకొని కుర్చీలో నిటారుగా కూర్చొని ఉంటుంది. చీరకు అరచేయి వెడల్పు జరీ అంచు. మెడలో రెండు పేటల గొలుసు. ఒడిలో ఒక చేతి మీద ఇంకో చేయి. పై చేతికి ఎర్రరాయి ఉంగరం, బొటనవేలి మొదట్లో నువ్వుగింజంత పుట్టుమచ్చ. ముఖం ఒక్కటే నర్సవ్వది. మెడ కిందనున్న గొలుసూ చీరా చేతులూ అన్నీ ఎవరో ఊరూ పేరూ తెలియని ఆడమనిషివి. ఒక చీరల దుకాణం వెబ్‌సైటులోంచి రాయమల్లే వాటిని తీసుకున్నాడు.

నర్సవ్వకు వేరే ఫోటో లేదు. పెళ్లినాటిది వానకు గోడ ఉరిసి పాడయింది. ఆ తరవాత ఎప్పుడు ఫోటో దిగుదామన్నా “గీ చేతులతోనా?” అనేది ఆమె. బీడీలు చుట్టీ చుట్టీ గోళ్లు అరిగిపోయి, వేళ్ల కొసలు పొగాకు రంగుకు తిరిగాయి. ఫోటో స్టూడియోలో అందరి ముఖాల మీది మచ్చలూ తీసేవాడి భార్య, తన చేతులను కొంగు కింద దాచుకునే బతికింది. దగ్గు ముదిరి ఆమె పోయాక, పాత రేషన్ కార్డులో ఇంటిల్లిపాది మధ్య చింతగింజంత ముఖం దొరికింది. దాన్ని పెంచి, కళ్లూ పెదవులూ మళ్లీ గీసినంతగా దిద్ది, దానికి తగిన ఒంటి కోసం చాలా వెతికాడు. పచ్చచీర కనబడగానే ఆగిపోయాడు. మెడ వంపు సరిగ్గా కలిసింది. మూలన సన్నని అక్షరాల్లో ఉన్న దుకాణం పేరును కుర్చీ రంగులో కలిపేశాడు. చేతి మీది మచ్చను కూడా తీశాడు. తీయగానే ఆ చేయి మైనంతో చేసినట్టు అయిపోయింది. చాలాసేపు దాన్నే చూసి, మచ్చను మళ్లీ దాని చోటే పెట్టేశాడు.

*

లక్సెట్టిపేట బస్టాండు ఎదుటి సందులో ఉంటుంది సృజన డిజిటల్స్, రాయమల్లు పనిచేసే ఫోటో స్టూడియో. యజమాని అరుణ్‌కుమార్ తన కూతురి పేరు పెట్టుకోకముందు దానికి వేరే పేరుండేది, వేరే బోర్డుండేది. అప్పుడు అరుణ్‌కుమార్ తండ్రి హనుమండ్లు ఉండేవాడు. ఇరవై ఏళ్లు నిండని రాయమల్లును ఆయనే ఫిల్ము కడిగే చీకటిగదిలోకి తీసుకున్నాడు. నెగిటివ్‌ను వెలుతురు మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో ముఖాల మీది గుంటలు పూడ్చడం నేర్పాడు. ఒంటికన్నుతో భూతద్దంలోంచి చూసీ చూసీ రాయమల్లు ఎడమకన్ను ఇప్పటికీ సగం మూసుకొనే ఉంటుంది. కుడిభుజం ఎడమదాని కంటే కిందికి దిగి ఉంటుంది. కంప్యూటరు వచ్చాక పెన్సిలు పోయి మౌస్ వచ్చింది గానీ ఆ కూర్చునే తీరు మారలేదు. మేకు దిగినట్టు ఒక్కచోటే కూర్చుంటాడు. మాట్లాడడు. మధ్యాహ్నం డబ్బా తిని, మూత కడిగి, మళ్లీ కూర్చుంటాడు.

ఇప్పుడు అతని పనంతా జాయింటు ఫోటోలే. చెల్లె పెళ్లికి రాలేకపోయిన దుబాయి అన్నను పెళ్లి ఫోటోలో నిలబెట్టాలి. ఎన్నడూ అంగీ తొడగని తాతకు, పోయాక కోటు తొడగాలి. తల వీసా ఫోటోలోంచో ఆధార్ కార్డులోంచో వస్తుంది. ఒళ్లు వెబ్‌సైట్లలోంచి వస్తుంది. అలా తీసి దాచుకున్న ఒళ్లన్నిటికీ రాయమల్లు పేర్లు పెట్టుకున్నాడు. పెద్దకోటు, సన్నకోటు, తెల్లపంచె, మెరూన్ చీర. షార్జాలో ఉన్న అతని కొడుకు రంజిత్ కూడా ఇంట్లో ఇంకో గోడ మీద సన్నకోటులోనే మమతారాణి పక్కన నిలబడి ఉన్నాడు.

పచ్చచీరకు మాత్రం పేరు పెట్టలేదు. అది నర్సవ్వ కోసం చేసింది, మళ్లీ వాడేది కాదు. కానీ అరుణ్‌కుమార్ దాన్ని చూశాడు. మంచిగ కుదిరిందని, రాయమల్లును అడగకుండానే దండ వేసి, స్టూడియో ఆన్‌లైన్ పేజీలో శాంపిల్‌గా పెట్టాడు. ఇక అందరికీ అదే చీర కావాలి. వద్దని చెప్పడానికి రాయమల్లుకు నోరు రాలేదు. చేసిపెట్టాడు. అవీ పేజీలోకి ఎక్కాయి. ఆ తరవాత ఏ ఊళ్లో ఎవరి దినం భోజనానికి పోయినా, గోడ మీద ఎవరో ముసలామె ముఖం కింద నర్సవ్వ ఒడి కనబడేది. అతను తల వంచుకొని తిని వచ్చేవాడు.

ఆ పొద్దున గోపాల్ అనే రైతు వచ్చాడు. దగ్గరి పల్లెవాడు. వాళ్లమ్మ పోయి వారమైంది. చేతి రుమాలులోంచి పింఛను కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

“అన్నా, మా అవ్వకు గా పచ్చచీర ఎయ్యాలె.”

“మెరూన్ది మంచిగుంటది. నీలంది సూడు.” రాయమల్లు తెర మీద ఒకటొకటే చూపించాడు.

“గవి వద్దు. మా వాడకట్టుల కొమురవ్వకు గదే పచ్చచీర ఏసినవు. మా అవ్వ ఆమెకేం తక్కువ? ఇద్దరు జీవితమంత చెల్కల పక్కపక్కన కలుపు దీసిన్రు. ఇప్పుడు ఆమె పట్టుచీరల, మా అవ్వ నూలుచీరలనా?”

“చెయ్యి కాకా,” అన్నాడు అరుణ్‌కుమార్, కత్తెర మిషను దగ్గర పాస్‌పోర్టు ఫోటోలు కోస్తూ. “అడిగిందే చెయ్యి.”

రాయమల్లు పచ్చచీరను తెరిచాడు. గోపాల్ తల్లి ముఖం ఎండకు కమిలి, ఒక చెంప లోతుకు పోయి ఉంది. మెడ రంగు తేల్చడానికే చాలాసేపు పట్టింది. ముఖం మెడ మీద కూర్చునే వేళకు అరుణ్‌కుమార్ ఫోను మోగింది. రెండు చేతులా పని ఉండటంతో అతను స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

“హలో, సృజన డిజిటల్సేనా అండీ?” ఆంధ్ర వైపు మాట. ఆడగొంతు, నెమ్మదిగా ఉంది.

“ఔ, చెప్పున్రి మేడం.”

“మీ పేజీలో శ్రద్ధాంజలి ఫోటోలు పెట్టారు కదండీ. పచ్చ పట్టుచీరవి. మొహాలు వేరువేరు గానీ చీర ఒకటే.”

“ఔ మేడం, శాంపిల్సు. మీకు గూడ చేపియ్యాల్నా?”

అరుణ్‌కుమార్ ఇంకో ఫోటో మిషనులో పెట్టాడు.

“ఆ చీర కట్టుకుంది నేనండీ. నేను బతికే ఉన్నాను.”

కత్తెర మిషను ఆగింది.

“నా పేరు దీపిక. కాలేజీలో ఉన్నప్పుడు ఒక షాపు వెబ్‌సైటు కోసం ఆ ఫోటో దిగాను. ఎవరో మీ పేజీ మా అమ్మకు పంపారు. మొహం నాది కాకపోయినా మా అమ్మ చెయ్యి చూసి గుర్తుపట్టింది. ఆ మచ్చ చూసి. ఆ ఉంగరం మా అమ్మమ్మది. నాకిప్పుడు ఏడో నెలండీ. మా అమ్మ సరిగా అన్నం తినట్లేదు. దండ కింద నా చేతులు చూశాక నిద్ర పట్టట్లేదంటుంది.”

“సారీ మేడం. తెలియక జరిగింది. ఇప్పుడే తీసేస్త పేజీల నుంచి.”

“షాపు వాళ్లకూ చెప్పాను. వాళ్ల లాయరు మీకు మెయిల్ పెట్టారంట, చూసుకోండి. నాకా గొడవ అక్కర్లేదు. ఒక్కటి చెప్పండి చాలు. ఇవి ఎవరిళ్లల్లోనైనా ఉన్నాయా? గోడల మీద?”

“లేవు మేడం. ఉత్త శాంపిల్సే గవి.”

“ఉన్నయి బిడ్డా,” అన్నాడు రాయమల్లు.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అరుణ్‌కుమార్ వద్దని చేయి ఊపాడు. రాయమల్లు ఆ చేయిని చూడలేదు, తెర మీది చేతులను చూస్తున్నాడు.

“మీరెవరండీ?”

“జాయింటు చేసినోన్ని. ఆ మచ్చ తీసి మళ్ల పెట్టింది గూడ నేనే.”

“మళ్లీ పెట్టారా. ఎందుకూ?”

మచ్చ తీసేస్తే చేయి ప్రాణం లేనట్టు కనబడిందని ఆమెకు ఎలా చెప్పడం?

“ఎన్నిళ్లల్లో ఉన్నాయి?” అంది ఆమె.

“లెక్క వెట్టలే బిడ్డా. చుట్టుపక్కల ఊర్లల్ల ఉన్నయి.”

“తీయించగలరా?”

రాయమల్లు కళ్ల ముందు కొమురవ్వ ఇల్లు మెదిలింది. ఆమె పెద్దకొడుకు ఆ ఫోటోను అటూ ఇటూ జరిపి, మేకు రెండుసార్లు పీకి, నడింట్లో అందరికీ కనబడేట్టు పెట్టుకున్నాడు. పండగనాడు మొదటి అగరుబత్తి దానికే. ఆ ఇంటికి పోయి ఏమని అడగాలి?

“నాతోని అయితదనుకోను బిడ్డా.”

“సరేలెండి. సొంతానికి ఇంట్లో పెట్టుకున్నవాళ్లను ఎవరూ ఏమీ అనలేరని మావారూ అన్నారు. ఎక్కడున్నా అవి నా చేతులే కదా అని ఆయన్ని అడిగాను.” ఆమె ఫోను పెట్టేసింది.

గోపాల్ తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. అక్కడ అతని తల్లి మొదటిసారిగా పట్టుచీరలో ఉంది. “మంచిగనే కుదిరింది,” అని గొణిగాడు. తరవాత పింఛను కార్డు తీసుకొని రుమాలులో చుట్టాడు. “వద్దన్నా. కడుపుతోని ఉన్న పిల్ల ఉసురు మాకెందుకు. ఉత్త ముఖమే పెద్దగ చేసియ్యి. మాపటికొస్త.” మెట్టు దిగి మళ్లీ వెనక్కి తిరిగాడు. “మరి కొమురవ్వ కొడుకులకు చెప్పాల్నా?”

అరుణ్‌కుమార్ బల్ల మీది ఫోను అందుకొని మెయిలు వెతకసాగాడు.

*

మెయిల్ వచ్చే ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అరుణ్‌కుమార్ పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. పేజీలోవన్నీ తీసేయాలి, ఇంకొకరి బొమ్మలతో వ్యాపారం చేయకూడదు, చేస్తే కోర్టుకు పోతాం అని ఉందని చెప్పాడు.

“అరుణ్, ఇంట్ల పెట్టుకున్నదానికి గూడ తప్పేనా?” అని అడిగాడు రాయమల్లు.

“ఎవరింట్ల?”

“మా ఇంట్ల.”

అరుణ్‌కుమార్ తల ఎత్తి చూశాడు. నర్సవ్వ చేతి చేపల పులుసు తిన్నవాడు అతను. “గోడకు పెట్టుకుంటే ఎవడొచ్చి అడుగుతడు కాకా. నువ్వేం అమ్ముకుంటలేవు గదా. అది నీ సొంతం. ఫికర్ చెయ్యకు.”

“ఔ,” అన్నాడు రాయమల్లు. కానీ ఆ సొంతం అన్న మాట దగ్గరే అతని మనసు ఆగిపోయింది. ముఖం సొంతం. తక్కినది?

మధ్యాహ్నమంతా దాచిన ఒళ్లను తీసేయడంతోనే సరిపోయింది. పెద్దకోటు పోయింది. తెల్లపంచె పోయింది. ఒక్కోదాన్ని తీసేసే ముందు కంప్యూటరు నిజంగానే తీసేయమంటావా అని అడిగేది. అతను ఔనని నొక్కేవాడు. అన్నిటికన్నా చివర పచ్చచీర మిగిలింది. దాన్ని పెద్దది చేసి, మచ్చ ఒక్కటే తెరంతా నిండేలా చూశాడు. అంత పెద్దగా చూస్తే అది మచ్చలా లేదు, గోధుమరంగు గళ్లు కొన్ని ఒకచోట చేరినట్టుంది. ఔనని నొక్కాడు.

సాయంత్రం అరుణ్‌కుమార్ టీ చెప్పించాడు. తను తాగుతూ బయటికి చూశాడు.

“ఇగ జాయింట్లు బంద్ పెడ్దాం కాకా. గిప్పుడు అందరు ఫోన్లల్లనే చేసుకుంటున్నరు. ఆ కొత్త యాపులు చిటికెల తొడుగుతున్నయి కోట్లు. నువ్వు నాల్గొద్దులు ఇంటికాడ ఉండు. నేనే ఫోన్ చేస్త.”

“సరే.”

“కోపం లేదు గదా?”

“నాకెందుకుంటది.”

నాలుగు రోజులంటే ఎన్నాళ్లో రాయమల్లుకు తెలుసు. చీకటిగదిలో ఫోటోలు కడిగిన నీళ్ల చంద్రయ్యకు హనుమండ్లు ఇలాగే చెప్పి, మళ్లీ పిలవలేదు. గోపాల్ తల్లి ముఖాన్ని పెద్దది చేసి ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు. రుమాలుతో మౌస్ తుడిచాడు. కుర్చీ మీది పాత దిండును తీసుకుందామనుకొని, దాని అవసరం ఇంట్లో ఏముందని వదిలేశాడు.

*

ఇంటికి వచ్చేసరికి నర్సవ్వ మీద బల్బు వెలుగుతోంది. మమతారాణి పొద్దున్నుంచీ దాన్ని ముట్టలేదు. రాయమల్లు చెప్పులు విప్పి, నేరుగా వెళ్లి ఆ ప్లగ్గు తానే పీకాడు.

“పెట్టుకో బిడ్డా, చార్జింగు.”

మమతారాణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “పొద్దుగాల ముచ్చటకు ఇంకా కోపమున్నదా మామా?”

“లేదు.”

“మరి పానం మంచిగ లేదా?”

“మంచిగనే ఉన్న. అన్నం పెట్టు.”

పప్పుచారు, మామిడి తొక్కు, చంద్రవ్వకు మెత్తగా పిసికిన అన్నం. రంజిత్ ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి పెట్టింది మమతారాణి. షార్జాలో అతను కూడా రూములో కింద కూర్చొని తింటున్నాడు. రోజూ వాళ్లు నలుగురూ అలాగే తింటారు. రెండో ముద్ద దగ్గర రాయమల్లు జరిగిందంతా చెప్పాడు. పని పోయిన సంగతి చివర, అదేం పెద్ద విషయం కానట్టు చెప్పాడు.

“బాపూ, పని ముచ్చట ఇడువు, నేనున్న గదా,” అన్నాడు రంజిత్. “అమ్మ ఫోటో మనింట్ల ఉన్నది. దాన్ని ఎవడేమంటడు?”

“ఎవడేమనడు.”

“మరింకేంది?”

రాయమల్లు పళ్లెంలో అన్నాన్ని ఒక పక్కకు జరిపాడు. “దించుతున్న. రేపు పొద్దుగాల.”

చంద్రవ్వ నమలడం ఆపింది. ఫోనులో రంజిత్ కదలలేదు. సిగ్నలు పోయి బొమ్మ ఆగిందో, అతనే ఆగాడో తెలియలేదు.

“అమ్మకు ఇంకో ఫోటో లేదు గదా బాపూ,” అన్నాడు చివరికి.

“లేదు.”

“మామా,” అంది మమతారాణి. చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేసింది. “నా పెళ్లిచీర కట్టుకొని నేను కూసుంట. నా ఫోటో తీయున్రి. నా ఒంటి మీద పెట్టున్రి అత్తమ్మ ముఖం. అప్పుడు ఎవరిదో కాదు గదా, మన ఇంటిదే.”

రాయమల్లు ఆమె చేతులను చూశాడు. అన్నం మెతుకులంటిన, గాజులున్న చేతులు. దండ కింద వాటిని ఊహించుకొని తన పళ్లెం పక్కకు నెట్టాడు. దీపిక తల్లి అన్నం ఎందుకు తినలేకపోతోందో అప్పుడు తెలిసింది అతనికి.

“వద్దు బిడ్డా. నువ్వు సల్లగుండాలె.”

ఆమె తల వంచుకొని కళ్లు తుడుచుకుంది.

“దించి ఏం చేస్తవురా?” అంది చంద్రవ్వ. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు. “సచ్చినోళ్ల ఫోటో అయితే గోదావరిల ఇడుస్తరు. గా పిల్ల బతికున్నది. బతికున్నామెను గోదాట్ల ఏస్తరా? కాలవెడ్తరా? పారేస్తరా?”

అరుణ్‌కుమార్ దగ్గర, లాయరు మెయిల్లో, ఫోను పెట్టేసిన ఆ పిల్ల మాటల్లో లేని ప్రశ్న ఇది. నడిచి వచ్చిన దారంతా రాయమల్లు కూడా దీన్నే మోసుకొచ్చాడు.

“గవేం చెయ్య,” అన్నాడు. “నర్సవ్వ ముఖం వరకు కత్తిరించి నా దగ్గర పెట్టుకుంట. తక్కింది బీరువల పెడ్త, మీ చీరల నడుమ. దండ లేకుంట. మడత గూడ పెట్టను, చేతుల మీద గీత వడ్తది.”

రంజిత్ అటువైపు చేయి కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

తెల్లవారాక నర్సవ్వ బీడీ ఆకులు కోసిన కత్తెరతోనే అతను ఆ పని చేశాడు. ఇనుము తుప్పు పట్టినా పదును పోలేదు. చింతగింజంత నుంచి పెరిగిన ఆ ముఖం అతని అంగీ జేబులోకి చేరింది. మమతారాణి బీరువా తెరిచి తన చీరలను పక్కకు జరిపింది. వాటి నడుమ తక్కిన ఫోటో చదునుగా పడుకుంది. మెడ పైన గుండ్రని ఖాళీ, దాని కింద పచ్చచీర, ఎర్రరాయి ఉంగరం, ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న చేతులు, బొటనవేలి మొదట్లో నువ్వుగింజంత మచ్చ.